రుమాలు మనది, పేరు మద్రాసుది

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా శిష్యుడొకడు కెనడానుంచి దిగి, మర్నాడే మా ఇంటికి వచ్చాడు. జాండ్రపేట కుర్రవాడు. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. అంటే పరీక్ష గట్టెక్కడానికి ఎంత కావాలో అంత చదువుకున్నాడన్నమాట. ఇప్పుడు టొరంటోలో ఉద్యోగం. అరిసె తింటూ తింటూ జేబులోనుంచి ఒక చిన్న బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. తెల్లని బిళ్ళమీద ఎర్రని ఆకు.

"ఇదేం ఆకురా? మామిడాకు కాదు, రావి ఆకు కాదు" అన్నాను.

"మేపుల్ ఆకు మాష్టారూ. అక్కడివాళ్ళు పరదేశాలకు వెళ్ళేటప్పుడు దీన్ని సంచులకు కుట్టుకుంటారు."

"ఎందుకూ?"

"అమెరికావాళ్ళనుకుంటారని. మాటతీరు ఇంచుమించు ఒకటే, వేషం ఒకటే. ఎక్కడికి పోయినా 'మీది అమెరికాయేనా?' అని అడుగుతారట. కాదని చెప్పీ చెప్పీ విసిగి, ఈ ఆకు కుట్టుకోవడం మొదలుపెట్టారు."

"బాగానే ఉంది. మరి నిన్నెవరైనా అడిగితే ఏం చెబుతావు?"

"ఇండియా అంటాను."

"ఇండియాలో ఎక్కడ అంటే?"

వాడు కాస్త తటపటాయించాడు. "హైదరాబాదు దగ్గర అంటాను మాష్టారూ."

జాండ్రపేటనుంచి హైదరాబాదు వెళ్ళాలంటే రైలెక్కి ఒక రాత్రి నిద్ర పోవాలి. "అవును, మరీ దగ్గర" అన్నాను. వాడూ నవ్వేశాడు. నవ్వి, "చీరాల అంటే ఎవరికి తెలుసు మాష్టారూ?" అన్నాడు.

వాడు వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. చీరాల ఎవరికి తెలుసు? ఆలోచించగా, ప్రపంచానికి చీరాల బాగానే తెలుసుననీ, పేరు మాత్రమే తెలియదనీ తోచింది. చిత్రమేమంటే, ఆ ఆకు కుట్టుకునే దేశం కథా ఇటువంటిదే. ముందు అది చెప్పి మన ఊరికి వస్తాను.

మోతుబరి ఇంటి పక్క ఇల్లు

పల్లెటూళ్ళో మోతుబరి ఇంటి పక్కన కాపురముండేవారి అవస్థ మనకు తెలిసిందే. వాళ్ళకు ఎంత మంచి ఇల్లు ఉన్నా ఫలానా మోతుబరిగారి పక్కిల్లు అనే అంటారు. ఆ ఇంట్లో వండిన పిండివంట బాగుంటే, మోతుబరిగారింట్లోదే కాబోలు అనుకుంటారు. కెనడా సరిగ్గా ఆ పక్కిల్లు. నేల కొలిచి చూస్తే అమెరికాకంటే కెనడాయే పెద్దది. జనం మాత్రం సుమారు ఎనిమిదో వంతు.

పైగా వాళ్ళకు స్వాతంత్ర్యం మనకు వచ్చినట్టు ఒక్క అర్ధరాత్రి రాలేదు. వాయిదాల మీద వచ్చింది. 1867లో కొన్ని రాష్ట్రాలు కలిసి బ్రిటిషు కిరీటం క్రిందనే ఒక దేశమయినాయి. 1931లో బ్రిటిషు పార్లమెంటు చేసిన వెస్టుమినిస్టరు చట్టంతో తమ చట్టాలు తాము చేసుకునే అధికారం దక్కింది. మనకు స్వరాజ్యం వచ్చిన 1947లోనే వాళ్ళకు కెనడా పౌరులు అనే వేరు గుర్తింపు చట్టరీత్యా అమలులోకి వచ్చింది. ఆ ఎర్ర ఆకు జెండా ఎగిరినది 1965 ఫిబ్రవరి 15న. రాజ్యాంగాన్ని లండను గడప తొక్కకుండా తామే మార్చుకునే హక్కు 1982లో వచ్చింది.

ఇక ఆ పక్కింటి పిండివంటల సంగతి. ఇన్సులిను ఇంజెక్షను పొడుచుకునే మధుమేహ రోగి ఈనాడు మన వీధికి ఒకరైనా ఉన్నారు. ఆ మందు 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు మొదలైనవారి కృషివల్ల బయటపడినదనీ, కనిపెట్టినవారు తమ పేటెంటు హక్కులను తలకొక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారనీ మనలో ఎందరికి తెలుసు? 1956లో సూయజు కాలువ తగాదా ముదిరి యుద్ధం వచ్చినప్పుడు, ఐక్యరాజ్యసమితి తరఫున ఒక శాంతిసేనను పంపుదామని సూచించి నడిపించినవాడు కెనడా మంత్రి లెస్టరు పియర్సను. 1957లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానం వచ్చింది. చివరకు మా కాలేజీ పిల్లలు ఆడే బాస్కెట్‌బాలు సైతం 1891లో ఒక కెనడావాడు, నైస్మితు, అమెరికాలో ఉద్యోగం చేస్తూ కల్పించిన ఆట. పేరు అమెరికా ఖాతాలో పడింది.

ఆ ఆకు అందరినీ ఒకే అచ్చులో పోసిందనీ అనలేము. ఫ్రెంచి మాట్లాడే క్విబెకు వాసులకు తమ గొడవ తమకున్నది. అందరికంటే వేల ఏళ్ళ ముందునుంచీ ఆ నేలమీద ఉన్న ఆదిమ జాతులకు తమ తమ పేర్లున్నాయి. అయినా 'మీరెవరు?' అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఉండడానికి ఆ ఆకు అక్కరకు వచ్చింది.

మరి మన సంగతేమిటి?

ఇల్లు మారకుండా మూడు జిల్లాలు

చీరాల ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే మా ఇంట్లో మూడు జవాబులు వస్తాయి. మా తాతగారు, నాన్నగారు గుంటూరు జిల్లాలో పుట్టారు. నేను ప్రకాశం జిల్లాలో పుట్టాను; 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకున్నది అది. 2022 ఏప్రిల్ నుంచి మా అబ్బాయిది బాపట్ల జిల్లా. మేము మాత్రం ఇల్లు మారలేదు సుమా! ఉన్నచోటనే ఉన్నాము.

మా ముత్తాతగారి రోజుల్లో ఇంకొక పేరు కూడా ఉండేది: మద్రాసీ. వింధ్య దాటి ఉత్తరాదికి వెళ్ళిన తెలుగువాడు ఆ పేరుతోనే చలామణి అయ్యేవాడు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండడంవల్ల అరవమూ తెలుగూ తేడా తెలియనివారికి అందరం ఒకే గాట కట్టినట్టుండేవాళ్ళం. ఈ మాట ముల్లులా గుచ్చుకున్నది ముందుగా మన గుంటూరు యువకులకే. తెలుగు మాట్లాడే జిల్లాలన్నీ ఒక రాష్ట్రం కావాలని 1911, 1912 ప్రాంతాల్లో వారు చర్చలు పెట్టారు. జొన్నవిత్తుల గురునాథం, ఉన్నవ లక్ష్మీనారాయణ వంటివారు అందులో ఉన్నారు. కొండా వెంకటప్పయ్యగారు ఊరూరా తిరిగి ఆ ఊహకు బలం చేకూర్చారు. 1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు బయ్యా నరసింహేశ్వరశర్మగారు.

అక్కడనుంచి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు 40 ఏళ్ళు పట్టింది. నడుమ 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి ప్రాణం ఖర్చయింది. 1956లో హైదరాబాదు రాజ్యంలోని తెలుగు జిల్లాలు కలిసినాయి. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమయింది. ఇల్లు రెండయినా భాష ఒకటే గనుక, మనకూ వాయిదాలే అన్నమాట.

అదే 1913లో బాపట్లలో ఇంకొక ముచ్చట కూడా జరిగింది. ఒక పెద్దమనిషి అక్కడ ఒక పాఠశాలలో జపాను భాషలో పూర్తి ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన పేరు పింగళి వెంకయ్య. ఆ దెబ్బతో 'జపాను వెంకయ్య' అయినాడు. కంబోడియా పత్తిమీద పరిశోధన చేసినందుకు 'పత్తి వెంకయ్య' అని అంతకుముందే పేరున్నది. ఆయన 1916లో జాతీయ జెండాపై ఒక పుస్తకం వ్రాశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు గాంధీజీ చేతికి ఒక జెండా నమూనా ఇచ్చారు. నేటి మన జెండాకు మూలరూపం అదే. ఆయన 1963లో పేదరికంలోనే కన్నుమూశారు. తపాలా బిళ్ళ వచ్చినది 2009లో. దేశానికి ఆకు కుట్టి ఇచ్చినవాడి కథ ఇది!

మోటుపల్లి రేవు

ఇప్పుడు చీరాల మాట. ఊరి పేరులోనే చీర ఉన్నదని కొందరంటారు. క్షీరపురి అనే పేరుకు వికృతి అని మరికొందరంటారు. తెలుగు మేష్టరుగా నేను ఈ తగవులో తలదూర్చను. ఊరు మాత్రం నేతతో పెరిగింది. ఈ నల్లరేగడి భూముల్లో పత్తి పండుతుంది, పక్కన సముద్రమున్నది. పండిన పత్తి నూలై, నూలు గుడ్డై, గుడ్డ ఓడెక్కడానికి వేరే చోటు వెతుక్కోనక్కరలేదు.

చీరాలకు దక్షిణాన చినగంజాం మండలంలో మోటుపల్లి అనే పల్లె ఉన్నది. ఈనాడు అక్కడికి వెళితే అలలు, జాలరులు, ఒక పాత వీరభద్రాలయం కనిపిస్తాయి. ఆ ఆలయమండపం స్తంభంమీద కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన శాసనం ఉన్నది. దాని సారాంశం ఇది. తుఫానుకు చిక్కి ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకంతా వెనుకటి రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట అది జరగదు. వచ్చే సరుకుకూ పోయే సరుకుకూ ముప్పదింట ఒక వంతు సుంకం తప్ప రాజు మరేమీ ముట్టుకోడు. పరదేశి వర్తకుడికి ఇచ్చిన అభయం గనుక దానికి అభయశాసనమని పేరు. ఏడున్నర వందల ఏళ్ళు దాటినా, ఈనాటి అంతర్జాతీయ వర్తకం మాట్లాడే భాష అందులో ఉన్నది.

ఆ శతాబ్దం చివర వెనిసు వర్తకుడు మార్కోపోలో ఈ తీరాన్ని గురించి వ్రాశాడు. ఇక్కడి బట్టల సన్నదనం చూసి ముక్కుమీద వేలు వేసుకున్నాడు. రాజ్యమేలే రాణినీ మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవియే అని పండితులు నిర్ణయించారు. కాని రాజ్యం పేరు మాత్రం 'ముత్‌ఫిలి' అన్నాడు. కాకతీయమూ కాదు, ఆంధ్రమూ కాదు. దిగిన రేవు పేరే దేశానికి పెట్టేశాడు పెద్దమనిషి. ఆనాడు పడిన అలవాటు తరువాత కూడా పోలేదు.

నూనె రుమాలు

కనుమనాడు మా శిష్యుడి ఇంటికి వెళ్ళాను. వాడి నాయనమ్మకు ఎనభై దాటినాయి. "రండి మాష్టరుగారూ, ఊరక రారు గదా మీరు" అని మంచం వాల్చింది. మాటల్లో మాటగా పాత రుమాళ్ళ సంగతి అడిగాను. ఆమె లేచి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక గుడ్డ తీసి నా ఒడిలో పెట్టింది.

గజానికి పైగా నలుచదరం. ఎరుపు, నలుపు, తెలుపు. నడుమ గళ్ళలో చుక్కలు, చతురాలు. అంచుల దగ్గర కొద్దిగా చివికింది గాని రంగు చెదరలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంతకాలమయినా సన్నగా నూనె వాసన.

"మా మామగారి చేతి నేత" అన్నది ఆమె.

దీన్నే తేలియా రుమాలు అంటారు. తేలు అంటే నూనె. ఈ నేతలో కష్టమంతా మగ్గం ఎక్కక ముందే ఉన్నది. ఆముదపు కాయలు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి, తేట తీసి, అందులో నూనె పోసి, చిలపల నూలును అందులో నానబెట్టి పిసికి ఎండబెడతారు. మళ్ళీ నానబెట్టి మళ్ళీ ఎండబెడతారు. ఇలా రెండు మూడు వారాలు. బూడిదలోని క్షారమూ నూనే కలిసి నూలును మెత్తబరుస్తాయి. పటిక తోడయితే ఎర్రరంగు దారంలోకి ఇంకి మరి వదలదు. పూర్వం ఆ ఎరుపు చిరివేరునుంచి తీసేవారు. తరువాత అలిజరిను రంగు వచ్చింది.

ఆపైన కట్టు. ఏ దారం ఎక్కడ తెల్లగా ఉండాలో, ఎక్కడ ఎర్రబడాలో ముందే లెక్క వేసి, అక్కడక్కడ గట్టిగా దారం బిగించి రంగులో ముంచుతారు. పడుగుకూ పేకకూ రెండింటికీ ఈ లెక్క ఉన్నది. మగ్గంమీద నాడె అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు పడుగు ఎరుపుమీద పేక ఎరుపు సరిగ్గా పడితేనే చుక్క చుక్కగా కనిపిస్తుంది. వెంట్రుకవాసి తప్పితే పువ్వు చెదిరిపోతుంది. కాలం మారినకొద్దీ నేతగాళ్ళు రుమాళ్ళమీద సింహాలనూ, గడియారాలనూ, విమానాలనూ కూడా తెప్పించారు.

ఈ రుమాళ్ళు చీరాలనుంచి అరబ్బు దేశాలకూ తూర్పు ఆఫ్రికాకూ వెళ్ళేవి. ఎండలో, ఇసుకగాలిలో తిరిగేవారు తలపాగాలుగా చుట్టుకునేవారు. నూనె పట్టిన నూలు తలకు చల్లగా ఉంటుందట. వర్తకంలో వీటిని ఏమనేవారో తెలుసునా? 'ఆసియా రుమాలు'. మార్కోపోలో రేవు పేరును దేశానికి పెడితే, వీళ్ళు ఊరి పేరు తీసి ఖండం పేరు పెట్టారు!

కలబరివారి ఇంజిరి

ఇంతకంటే చిత్రమైనది రెండవ గుడ్డ. దాని పేరు 'అసలు మద్రాసు చేతిరుమాలు'. చేతిరుమాలు అనగానే ముక్కు తుడుచుకునే జానెడు గుడ్డ అనుకునేరు. గజం పొడవు, గజం వెడల్పు గళ్ళబట్ట, తానులుగా నేస్తారు. కంపెనీ దొరల రోజులనుంచీ ఈ తీరపు నేత మద్రాసు వర్తకుల చేతులమీదుగా ఓడెక్కేది గనుక మద్రాసు పేరు అంటుకుపోయింది. ఆ పేరుతో వెళ్ళిన గుడ్డలు మద్రాసు చుట్టుపట్ల ఊళ్ళలోనే గాక మన చీరాల ప్రాంతపు మగ్గాలమీద కూడా తయారయ్యేవి.

అవి చేరేది పడమటి ఆఫ్రికా. నైజీరియాలో నైజరు నది సముద్రంలో కలిసేచోట, నీటిపాయల మధ్య దీవుల్లో కలబరి జాతివారు ఉన్నారు. వారికి ఈ గళ్ళబట్ట ప్రాణం. పుట్టిన బిడ్డ దగ్గరనుంచి పోయిన పెద్దల అలంకారంవరకు అది లేని శుభాశుభాలు లేవు. పెద్దలు పోయినప్పుడు ఇంట్లో మంచాలను మేలైన బట్టలతో అలంకరిస్తారు. తాతలనాటి గళ్ళబట్టలు అప్పుడు బయటికి తీస్తారు. మన ఆడవాళ్ళు పట్టుచీరలు పెట్టెలో దాచుకున్నట్టే వారూ తరతరాలు దాచుకుంటారు. అంతేకాదు, అక్కడి స్త్రీలు ఈ గుడ్డలో ఎంచి ఎంచి దారాలు కత్తిరించి లాగివేసి, వలలాంటి కొత్త పువ్వులు తెప్పిస్తారు. మనవాళ్ళు దారం కలిపితే వాళ్ళు దారం తీసి కళ చేశారు. ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూడని రెండు జాతులు ఒకే గుడ్డమీద పని చేసినాయన్నమాట.

ఆ గుడ్డను కలబరివారు 'ఇంజిరి' అంటారు. అసలైన ఇండియా అని దాని అర్థమట. దేశం పేరయితే అందింది. ఊరి పేరే దారిలో ఎక్కడో జారిపోయింది.

మిరపకాయకు పట్టిన అదృష్టం

ఈ విషయంలో నాకు మిరపకాయను చూస్తే అసూయ. పుట్టుకచేత అది మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడలెక్కి, 1498 తరువాతనే మన దేశానికి వచ్చింది. శ్రీనాథుడు పల్నాట తిరిగిన రోజుల్లో అక్కడ మిరపకాయ లేదు. కారం కావలసివస్తే మిరియాలే నూరుకోవాలి. అటువంటి పరదేశి ఈ నల్లనేలలో వేరూని, ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా 'గుంటూరు సన్నం' అనే పేరుతోనే వెళుతున్నది. భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించింది. గుంటూరు యార్డులో ధర కదిలితే దూరదేశాల వర్తకులు చెవులు రిక్కిస్తారు. ఊరి పేరు ఉన్నందువల్ల ఆ సరుకుకు ఒక మాట, ఒక ధర. ఇక్కడే పుట్టిన రుమాలుకు ఆ భాగ్యం లేకపోయింది.

ఊరు వదిలిన ఊరు

పేరు లేకపోయినా తామెవరో చీరాలవారు మరిచిపోలేదనడానికి 1921 సాక్షి.

చీరాల, పేరాల, పక్క పల్లెలూ కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలయింది. ఊళ్ళో చాలామంది నేతగాళ్ళు, చిన్నాచితకా బతుకులవాళ్ళు. మాకీ మునిసిపాలిటీ వద్దన్నారు, పన్ను కట్టమన్నారు. కొందరు జైలుకు వెళ్ళారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులయినారు. 'రామదండు' అనే వాలంటీరు దళాన్ని కూర్చారు.

బెజవాడలో వెంకయ్యగారి జెండా చూసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ మొదటివారంలో, గాంధీజీ చీరాల వచ్చారు. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోతే పన్ను అడిగే హక్కు వారికి ఉండదు గదా అన్నది ఆయన చూపిన దారుల్లో ఒకటి. అయితే కాంగ్రెసు డబ్బు ఆశించకుండా తమ కాళ్ళమీద తాము నిలబడాలి.

అన్నంత పనీ చేశారు. సుమారు 15 వేల జనంలో 13 వేలకు పైగా ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. మండువేసవి. కెనడాలో బాంటింగు ప్రయోగాలు మొదలుపెట్టినది కూడా సరిగ్గా ఆ వేసవిలోనే. నేతగాడికి ఇల్లు వదలడమంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. గుంటమగ్గం నేలలో పాతుకుని ఉంటుంది. చాప చుట్టినట్టు చుట్టి చంకన పెట్టుకు పోయే వస్తువు కాదు. ఆ గుంట వదిలితే పూటకు కూడు వదిలినట్టే. అలా ఎండా, వానా, చలీ భరించి 11 నెలలున్నారు. దుగ్గిరాలవారికి ఏడాది జైలుశిక్ష పడింది. 1922 ఫిబ్రవరిలో దేశమంతటా ఉద్యమం ఆగిపోయిన తరువాత జనం క్రమంగా ఇళ్ళకు తిరిగివచ్చారు. గెలిచారా, ఓడారా అంటే లెక్క తేలదు. 1928లో 39 ఏళ్ళకే దుగ్గిరాలవారు క్షయవ్యాధితో పోయారు. ఊరు ఊరంతా కదిలి ఒక మాటమీద నిలబడిన ఇటువంటి సంఘటనలు మన స్వాతంత్ర్య చరిత్రలోనే అరుదు. దేశచరిత్ర పుస్తకాల్లో మాత్రం అది ఒక వాక్యంతో సరి.

పేరూ, కూలీ

కనుమనాడు ఈ సంగతులన్నీ నాయనమ్మగారి ముందు ఏకరువు పెట్టాను. ఆమె ఓపికగా విన్నది. విని ఇలా అన్నది:

"పేరుదేముంది బాబూ. షావుకారు నూలిచ్చేవాడు, కూలిచ్చేవాడు. రుమాళ్ళు బేళ్ళు కట్టి పంపేవాడు. ఎక్కడికంటే, ఓడెక్కుద్ది అనేవాళ్ళు. నేను చిన్నదాన్ని, కండెలు చుట్టేదాన్ని. కూలి గిడితే చాలనుకునేవాళ్ళం. అదీ గిట్టలా."

నా ఉపన్యాసమంతా ఆ చివరి రెండు మాటల దగ్గర ఆగిపోయింది. పేరు, కూలి వేరువేరు అనుకుంటున్నాము గాని, కావు. గుడ్డ ఎవరి చేతిదో కొనేవాడికి తెలియకపోతే ధర మొత్తం నడుమనున్నవాడి దగ్గరే ఆగిపోతుంది. ఆ ధర చాలక ఆమె కొడుకులు మగ్గం దిగారు. మనుమడు టొరంటో వెళ్ళి చీరాల పేరు చెప్పడానికి సంకోచిస్తున్నాడు. రెండూ ఒకే నూలుపోగుకు రెండు కొసలు.

తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గౌరవం తెలంగాణలోని పుట్టపాక నేతగాళ్ళకు దక్కింది. న్యాయమే. ఈ పని చీరాల వైపునుంచే అటు వెళ్ళిందంటారు. ఇక్కడ దీపం కొండెక్కే వేళకు అక్కడివారు చేతులు అడ్డుపెట్టి కాపాడారు. తమ్ముడింట వెలుగుతున్న దీపాన్ని చూసి అన్న ఏడవకూడదు. వత్తి తెచ్చుకుని వెలిగించుకోవాలి. మగ్గాలున్న ఇళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నాయి. వేసే గుడ్డమీద ఊరి పేరు వేద్దాం. కొనే మనమూ 'ఇది ఏ ఊరి నేత?' అని దుకాణంలో ఒక్క మాట అడుగుదాం. పిల్లలకు ఇన్సులిను కథతోపాటు రామనగరం కథ కూడా చెబుదాం. మనవాళ్ళే గొప్పని కేకలు వేయనక్కరలేదు. ఎవరైనా అడిగినప్పుడు హైదరాబాదు దగ్గర అని చెప్పకుండా ఉంటే చాలు.

బయలుదేరే ముందురోజు మా శిష్యుడు ఆ రుమాలు తనకిమ్మని నాయనమ్మను అడిగాడట. ఆమె వెంటనే ఇవ్వలేదు.

"అక్కడ ఎవరైనా ఇదేమిటని అడిగితే ఏం చెబుతావురా?"

"మా తాతలు నేసిందని చెబుతా."

"తాతలు సరే. ఏ ఊరని?"

"చీరాల పక్కన జాండ్రపేట అని."

"ఆఁ, అట్టా చెప్పు" అని మడత పెట్టి ఇచ్చిందట.

వాడు దాన్ని పెట్టెలో గుంటూరు కారంతో పెట్టిన ఆవకాయ సీసా పక్కన సర్దుకున్నాడు. దారిలో పెట్టె తెరిపిస్తే ఏ నూనె వాసన దేనిదో కస్టమ్సువారే తేల్చుకోవాలి.